జామకాయ జామ్: ఇంటి వంటగది నుంచి చిన్న యూనిట్ దాకా, లెక్కలతో సహా

మాది కోనసీమ, కొత్తపేట దగ్గర ఏటిగట్టుని ఆనుకుని ఉన్న ఊరు. ఇల్లు గట్టుకి ఇవతల, తోట గట్టుకి అవతల లంకలో (గోదావరి పాయల మధ్య మేట నేల). ముప్పావు ఎకరం జామ, మిగతాదంతా అరటి. ఐదేళ్లుగా జామకాయ జామ్ చేసి అమ్ముతున్నా. "ఇంట్లో జామ్ బాగా చేస్తాను, అమ్ముదామనుకుంటున్నా, ఎలా మొదలుపెట్టమంటారు" అని నెలకి నలుగురైనా అడుగుతారు, ఫోన్లో సగం చెప్తా, పెట్టేశాక అయ్యో అసలు విషయం చెప్పలేదే అనుకుంటా. అందుకని ఈసారి కూర్చుని మొత్తం రాస్తున్నా, బాగా జరిగిందీ చెడిపోయిందీ రెండూ. రుచి అద్భుతం అని అందరూ మెచ్చుకున్న జామే నన్ను ముంచింది, ఎందుకంటే దానికి కొలత లేదు. ఆ కొలత ఎలా వచ్చిందో చెప్పడమే ఇక్కడ నా పని.

2020 చలికాలంలో మొదలైంది. ఆ ఏడాది కాయ విపరీతంగా కాసింది, కొనేవాడు బుట్టకి ఎంత ఇస్తానన్నాడో చెప్పడానికి కూడా సిగ్గేస్తుంది. కోత కూలి కూడా రాదని మావారు కోయించడం మానేశారు. చెట్టు కింద రాలి మగ్గిపోతున్న కాయల్ని చూసి మా అత్తయ్యగారు "అమ్మాయ్, దేవుడిచ్చిన కాయని ఇలా తొక్కుకుంటూ తిరగడం మంచిది కాదే" అన్నారు. ఆ సాయంత్రం రెండు గంపలు ఇంటికి తెచ్చి ఉడకబెట్టి, జల్లెడలో పామి గింజ తీసేసి, పంచదార వేసి తిప్పాం. పాకం చూడటం అత్తయ్యగారిదే, పళ్లెంలో నీళ్లు పోసి ఒక చుక్క వేసి వేలితో కదిపి చూసి ఆపమనేవారు. అరిసెల పాకం పట్టే చెయ్యి కదా, నేను మారు మాట్లాడేదాన్ని కాదు.

2021 సంక్రాంతికి హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి చుట్టాలొచ్చారు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసుకుని తిరిగెళ్లేటప్పుడు తలా రెండు సీసాలు పట్టుకెళ్లారు. సుమారు నలభై సీసాలు అలా ఊరికే పంచిపెట్టా. ఫిబ్రవరి వచ్చేసరికి మా వదిన (మావారి అక్క, హైదరాబాద్‌లో ఉంటారు) ఫోన్ చేసి "మా ఆఫీసులో ఇరవై కావాలంట, డబ్బులు తీసుకో, మొహమాటపడకు" అన్నారు. సీసా 60 రూపాయలు అని చెప్పేశా. ఎందుకు 60 అంటే, ఎందుకూ లేదు, 50 అంటే తక్కువగా 70 అంటే ఆశపోతుగా అనిపించింది.

సీసాలేమో ఇరుగుపొరుగు దగ్గర అడిగి తెచ్చిన పాత హార్లిక్స్ సీసాలు, కాఫీ పొడి సీసాలు. ఎన్నిసార్లు కడిగినా కొన్ని మూతలకి ఆవకాయ వాసన పోదు, లోపలుండే అట్ట పీల్చేసుకుంటుంది. అసలు అమ్మే సరుకుకి పాత సీసా వాడకూడదు, ఆ సంగతి అప్పుడు నాకు తెలీదు.

ఉత్సాహం ఎక్కువైపోయి ఆ వేసవిలో రకాలు పెంచా. మామిడి, బొప్పాయి, టమాటా, ఏజెన్సీ నుంచి వచ్చే అనాస, చక్రకేళి అరటి, అమృతపాణి అరటి, పనస... లెక్కపెడితే 11 రకాలు. రావులపాలెం అరటి మార్కెట్ పక్కనే ఉంది కదా, చౌక కదా అని అరటి మీద చాలా ఆశ పెట్టుకున్నా, అది పొయ్యి మీదే నల్లబడేది, పులుపు చాలా తక్కువ కాబట్టి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) బాగా పడాలి, అంత వేస్తే అరటి రుచే పోయేది. మామిడి జామ్ రుచి బాగానే వచ్చింది కానీ మా వైపు మామిడి తాండ్ర ఉండగా జామ్ ఎవరిక్కావాలి, ఆత్రేయపురం నుంచి మంచి తాండ్ర ప్రతి ఊరికీ వస్తుంది. ఇదంతా కలిపి మూడు నెలలు, బోలెడు పంచదార పోయాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దయచేసి ఒక్క పండుతో మొదలుపెట్టండి, అదీ మీ ఇంటి చుట్టుపక్కల దండిగా దొరికి ధర పలకని పండుతో.

ఇప్పుడు అసలు దెబ్బ. 2021 ఆగస్టు. వానాకాలం కాపు జామ వచ్చింది, మళ్లీ జామ్ మొదలుపెట్టా. ఈలోగా కొన్నవాళ్లలో చాలామంది "తీపి ఎక్కువైందండి, కాస్త తగ్గించండి, మా ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లున్నారు" అన్నారు. సరే అని 10 కిలోల గుజ్జుకి 9 కిలోలు వేసే పంచదార 7కి తగ్గించేశా. రంగు పోకూడదని పొయ్యి మీద కూడా తక్కువసేపే ఉంచా. ఇంకోటి, వేడిది పోస్తే సీసా చిట్లుతుందని భయపడి గిన్నెలో చల్లారనిచ్చి, గోరువెచ్చగా ఉన్నప్పుడు నింపి మూత పెట్టేదాన్ని. అలా 64 సీసాలు వెళ్లాయి.

మూడో వారంలో వదిన ఫోన్. "అమ్మాయ్, ఏమనుకోకు, మా మేనేజర్ గారింట్లో మూత తిప్పుతుంటే గోలీ సోడా కొట్టినట్టు టప్‌మందంట, నురగ పొంగి టేబుల్ క్లాత్ మీద పడిందంట." నాకు కాళ్లలో సత్తువ పోయింది. వెంటనే ఇంట్లో మిగిలిన సీసాలు తీసి చూశా. ఒకదాంట్లో పైన తెల్లగా, అంచుల దగ్గర ఆకుపచ్చగా బూజు. ఇంకోదాంట్లో పైన వేలు మందాన నీళ్లు తేరి కింద జామ్ జావలాగా ఉంది. మూడోది పైకి బాగానే ఉంది కానీ వాసన చూస్తే కల్లు. మొత్తం 23 మంది చెడిపోయిందని చెప్పారు, నేను 64 మందికీ డబ్బులు వెనక్కి ఇచ్చేశా, 3,840 రూపాయలు. చాలామంది వద్దన్నారు, వద్దన్నవాళ్లకీ పంపించా, తినొద్దు పారబోయండి అని ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి చెప్పా. తినేదాన్లో తప్పు జరిగినప్పుడు మొహమాటపడితే ఎవరి పిల్లలకో వాంతులవుతాయి. రెండు రాత్రులు నిద్రపట్టలేదు, ఇక మానేద్దాం అనే అనుకున్నా.

మానకపోవడానికి కారణం ఒక్క సీసా. అత్తయ్యగారి బీరువాలో సంక్రాంతి నాటిది ఒకటి మిగిలిపోయింది, ఎనిమిది నెలలది, అది తీసి చూస్తే చెక్కు చెదరలేదు. అదే చెయ్యి, అదే తోట. మరి ఇదెందుకు నిలిచింది, అదెందుకు పొంగింది? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో హార్టికల్చర్ యూనివర్సిటీ ఉంది, 2007లో పెట్టారు, అక్కడి కేవీకేలో (కృషి విజ్ఞాన కేంద్రం) పండ్ల ప్రాసెసింగ్ మీద ట్రైనింగ్ ఉందని తెలిసింది. రావులపాలెం, సిద్ధాంతం బ్రిడ్జి, తణుకు మీదుగా బస్సులో మూడు రోజులు వెళ్లొచ్చా. చెడిపోయిన సీసా, మంచి సీసా రెండూ సంచిలో పట్టుకెళ్లా. మేడం గారు రెండిటి నుంచీ ఒక్కో చుక్క తీసి చిన్న దుర్భిణీ లాంటి దాని అద్దం మీద వేసి నన్నే చూడమన్నారు. దాన్ని రిఫ్రాక్టోమీటర్ అంటారు. కంటికి పెట్టుకుంటే లోపల గీతలు, పైన నీలం కింద తెలుపు, రెండూ కలిసే చోట అంకె. మంచి సీసా 67. చెడిపోయింది 60. "ఇదేనమ్మా మీ జవాబు" అన్నారు ఆవిడ.

ఆ అంకె ఏంటంటే, జామ్‌లో నీళ్లు పోను కరిగి ఉన్న పదార్థం ఎంత శాతం అని, ఎక్కువ భాగం పంచదారే. మన దేశంలో ఫుడ్ సేఫ్టీ రూల్స్ ప్రకారం ఫ్రూట్ జామ్ అని పేరు పెట్టాలంటే అది 65 శాతానికి తగ్గకూడదు, పండు 45 శాతానికి తగ్గకూడదు (స్ట్రాబెర్రీ లాంటి వాటికి సడలింపు ఉంది). ఎందుకు 65 అంటే, ఆ చిక్కదనంలో బూజుకీ, పులియబెట్టే ఈస్ట్‌కీ కావాల్సిన నీళ్లు దొరకవు, ఉన్న నీటిని పంచదార పట్టేసుకుని కూర్చుంటుంది. ఆవకాయకి ఉప్పు ఎంతో జామ్‌కి పంచదార అంత. ఆవకాయలో ఉప్పు తగ్గించి ఏడాది నిలవుండమంటే ఉంటుందా? నేను చేసింది అదే. తీపి తక్కువ కావాలనేవాళ్లకి చెయ్యకూడదని కాదు, కానీ అది వేరే సరుకు, ఫ్రిజ్‌లో పెట్టుకుని పది రోజుల్లో తినెయ్యాల్సింది, ఊళ్లు దాటించి అమ్మేది కాదు.

రెండో కారణం కాయ. వానాకాలం జామ వేరు, చలికాలం జామ వేరు, తినేవాళ్లందరికీ తెలుసు, వానాకాలంది చప్పగా నీళ్లోడుతూ ఉంటుంది, పండు ఈగ పురుగు కూడా ఎక్కువ. కానీ జామ్ గట్టిపడేది పెక్టిన్ అని కాయలోనే ఉండే జిగురు లాంటి పదార్థం వల్ల, అది కూడా వానాకాలం కాయలో తక్కువ ఉంటుందని నాకు తెలీదు. పొయ్యికి మూడు రాళ్లున్నట్టు జామ్‌కి పెక్టిన్, పులుపు, పంచదార మూడూ సరిపడా ఉండాలి, నేను ఒకేసారి రెండు రాళ్లు పీకేశా. మూడో తప్పు చల్లార్చి నింపడం. గోరువెచ్చని జామ్ మీద మూత పెడితే ఆవిరి మూతకి పట్టి చుక్కలుగా మళ్లీ జామ్ మీదే పడుతుంది, ఆ తడి పొర మీద బూజు మొలకెత్తుతుంది. ఇప్పుడు సీసాల్ని ముందు వేడినీళ్లలో మరిగించి వెచ్చగానే ఉంచి, జామ్ 85 డిగ్రీలకి తగ్గకుండా నింపి, వెంటనే మూత బిగించి, రెండు మూడు నిమిషాలు తలకిందులుగా పెడతాం. వెచ్చటి సీసాలో వేడి జామ్ పోస్తే చిట్లదు, చల్లటి సీసాలో పోస్తేనే చిట్లుతుంది.

ఇంటికొచ్చి ముందు చేసింది ఆన్‌లైన్‌లో రిఫ్రాక్టోమీటర్ కొనడం. అక్కడా తప్పే, 0 నుంచి 32 దాకా చూపించేది తెప్పించా, జామ్ చుక్క వేస్తే అద్దం మొత్తం ఒకే రంగు. జామ్‌కి 58 నుంచి 90 దాకా చూపించేది కావాలి, రెండు వేల లోపే వస్తుంది. మొదటిది వృథా కాలేదు, పచ్చి గుజ్జు కొలవడానికి వాడుతున్నా. చలికాలం గుజ్జు 10 దాకా వస్తుంది, వానాకాలంది 7 దాటడం కష్టం. ఒక జాగ్రత్త, పొయ్యి మీది చుక్కని వేడివేడిగా అద్దం మీద వెయ్యకండి, తప్పు చూపిస్తుంది, స్పూన్లో చల్లారనిచ్చి వెయ్యండి.

థర్మామీటర్ కూడా పెట్టుకున్నాం. జామ్ 105 డిగ్రీలకి వస్తే అయినట్టే, డెల్టా కాబట్టి మనకి నీళ్లు సరిగ్గా 100 దగ్గరే మరుగుతాయి. ఇదే అంకె వదినకి చెప్తే హైదరాబాద్‌లో ఆవిడ ఇంట్లో చేసుకున్న జామ్ రాయిలా అయిపోయింది. ఆ ఊరు సముద్రమట్టానికి ఐదొందల మీటర్లకి పైన ఉంది, అక్కడ నీళ్లు 98 చిల్లరకే మరుగుతాయి. అందుకని ఎక్కడున్నా ముందు ఉత్త నీళ్లు ఎంత దగ్గర మరుగుతున్నాయో చూసి దానికి 5 కలుపుకోండి.

పెక్టిన్ చూడటానికి ఒక తేలిక పద్ధతి అక్కడే నేర్పారు. కాయలు ఉడికించిన రసం ఒక చెంచా చల్లార్చి, గాజు గ్లాసులో పోసి, మందుల షాపులో దొరికే స్పిరిట్ రెండు చెంచాలు పోసి నెమ్మదిగా తిప్పి ఐదు నిమిషాలు వదిలెయ్యాలి. ఒకే ముద్దగా గడ్డకడితే పెక్టిన్ దండిగా ఉన్నట్టు, ముక్కలు ముక్కలుగా అయితే మధ్యస్తం, అసలు గడ్డే కట్టకపోతే ఆ కాయ జామ్‌కి పనికిరాదు. (చూసి పారబోయాలి, పొరపాటున కూడా రుచి చూడకూడదు.) మా తోటలో దోరకాయల రసం రాయిలా ముద్ద కట్టింది, బాగా మగ్గిన పళ్లది తునకలు తునకలుగా విడిపోయింది. అప్పటిదాకా బాగా పండినవే జామ్‌కి అని ఏరేదాన్ని. ఇప్పుడు మూడొంతుల్లో ఒక వంతు దోరవి కలుపుతా, సువాసన పండు ఇస్తుంది, గట్టిదనం దోరకాయ ఇస్తుంది.

అత్తయ్యగారి సంగతి. ఈ మిషన్లొచ్చాక ఆవిడ రెండ్రోజులు పొయ్యి దగ్గరికి రాలేదు. మూడో రోజు నేనే పిలిచి, మీరు ఆపమన్నప్పుడు నేను అంకె రాసుకుంటా అన్నా. పన్నెండు బ్యాచ్‌లకి పక్కపక్కనే రాశాం. తొమ్మిది సార్లు ఆవిడ ఆపమన్నప్పుడు 67, 68 ఉంది. తప్పిన మూడూ వానపడ్డ రోజులు, పొయ్యి పక్కన చీకటిగా ఉండి పళ్లెంలో చుక్క సరిగ్గా కనపడలేదని ఆవిడే అన్నారు. తర్వాత నుంచి పళ్లెం పెట్టే చోట ఒక బల్బు వేయించాం. ఇప్పటికీ ముందు ఆవిడ పళ్లెం, ఆ తర్వాతే నా మిషను, రెండూ కలిస్తేనే పొయ్యి కట్టేస్తాం.

ఇక డబ్బుల లెక్క. ఇది చదివి కొందరు మానేస్తారేమో, అయినా ఉన్నదున్నట్టు రాస్తున్నా. ఒక బ్యాచ్ అంటే 10 కిలోల గుజ్జు, 9 కిలోల పంచదార, 50 గ్రాముల నిమ్మ ఉప్పు, అడుగంటింది పోను 14 కిలోల జామ్, అంటే 250 గ్రాములవి 56 సీసాలు. కాయ 14 కిలోలు, మా సొంత తోటదైనా కిలో 20 చొప్పున తోటకి రాస్తా, 280. పంచదార 405. నిమ్మ ఉప్పు 15. గ్యాస్ 150. ఇంతవరకే నేను మొదట్లో లెక్కేసుకున్నది, 850, అంటే సీసాకి 15 రూపాయలు పడుతుంది, 60కి అమ్మితే 45 మిగులుతుంది అని మురిసిపోయా. కొత్త గాజు సీసా మూతతో 14, పగిలేవి రెండు కలుపుకుని 58కి 812. లేబుల్, సీలు 168. అట్టపెట్టె, ప్యాకింగ్ 280. ఇద్దరు డ్వాక్రా అక్కచెల్లెళ్లు సగం రోజు చేస్తారు, 500. నా కూలి 400. మొత్తం 3,010, సీసాకి దగ్గర దగ్గర 54. అంటే 60కి అమ్మిన రోజుల్లో నా కష్టాన్ని ఊరికే ఇచ్చేసి, ఊళ్లోవాళ్ల పాత సీసాల మీద బతికేశా అన్నమాట. నా కూలి రాసుకోవడానికి నాకే మనసొప్పలేదు, ఇంటిపనికి కూలేంటి అని, మావారే "నువ్వు జ్వరమొచ్చి పడుకుంటే ఆ పని ఇంకొకళ్లతో చేయించాలిగా, వాళ్లకివ్వవా" అన్నారు. అప్పట్నుంచి రాస్తున్నా. ఆడవాళ్లు ఇక్కడే తప్పు చేస్తాం, గట్టిగా చెప్తున్నా, మీ కూలి రాసుకోండి.

ఇప్పుడు సీసా ఎమ్మార్పీ 120. షాపుకి 30 శాతం పోతే నాకు 84 వస్తుంది. 84లో 54 పోను 30, అందులో రవాణా, ల్యాబ్ టెస్టులు, కరెంటు, పాడైనవి తీసేస్తే 20 నిలుస్తుంది.

కాగితాల పని అనుకున్నంత కష్టం కాదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లోనే, నేను తీసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల అమ్మకం లోపు వాళ్లకి ఏడాది ఫీజు 100 రూపాయలు, 14 అంకెల నంబర్ ఇస్తారు, అది లేబుల్ మీద ఉండాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా నమోదు) ఉచితం. లేబుల్ మీద ఏమేం కలిపామో, నికర బరువు, తయారీ తేదీ, ఎప్పటిలోపు వాడాలో, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, మన పేరు అడ్రస్, ఫోన్, శాకాహారం గుర్తు పచ్చచుక్క, ఇవన్నీ ఉండాలి. నేను మొదట ఐదొందల లేబుళ్లు అందంగా కొట్టించి బ్యాచ్ నంబర్‌కి చోటు వదలడం మర్చిపోయా, మొత్తం పోయాయి. గడువు ఎంత వెయ్యాలో మాత్రం ఊహించి రాయకండి, ప్రతి బ్యాచ్‌లో రెండు సీసాలు తీసి తేదీ రాసి అలమరలో పెట్టండి, నెలనెలా చూడండి, ఒకసారి ల్యాబ్‌కి పంపండి. మాకు ఏడాది దాకా బాగానే ఉన్నా లేబుల్ మీద 9 నెలలే వేస్తున్నాం.

అమ్మకం ఎక్కడ కుదిరిందంటే, మేమనుకోని చోట. అమలాపురం, రాజమండ్రి కిరాణా షాపుల్లో పెడితే కంపెనీ జామ్‌ల పక్కన మాది ఎవరూ చూడలేదు, అవి చౌక, పిల్లలకి తెలిసిన పేర్లు. రావులపాలెం దగ్గర హైవే మీద పూతరేకుల షాపులున్నాయి కదా, కార్లు ఆపుకుని కొనుక్కెళ్తారు, అక్కడ తాండ్ర పక్కన పెట్టాం. అక్కడికొచ్చేవాళ్లు గోదావరి జిల్లాల నుంచి ఏదో ఒకటి ఇంటికి పట్టుకెళ్లాలనే వస్తారు. "లంక జామ" అని లేబుల్ మీద పెద్దక్షరాలతో వేశాక ఇంకా కదిలింది. ఒక షాపాయన మాత్రం సీసాలన్నీ ముందు వరసలో ఎండలో పేర్చాడు, నెలకి ఎర్రజామ రంగు పాలిపోయి మట్టిరంగు అయ్యింది, ఇప్పుడు ఎండ తగలకూడదని ముందే చెప్పి ఇస్తున్నాం. ఇంకో షాపు 14 వేలు ఐదు నెలలు తిప్పింది. అప్పట్నుంచి పాత బిల్లు తీరితేనే కొత్త పెట్టె, ఎవరైనా సరే.

పార్శిళ్ల సంగతి, మొదట ఎండుగడ్డి వేసి పంపేదాన్ని, మామిడికాయలకి వేస్తారుగా అలా. మామిడికాయకి పనికొచ్చింది గాజుకి పనికిరాలేదు, ఇరవైకి నాలుగు పగిలేవి, పైగా తినే సరుకు దగ్గర గడ్డి దుమ్ము. లోపల గళ్లు గళ్లుగా ఉండే అట్టపెట్టెలు చేయించాక నెలకి ఒకటో రెండో పగులుతున్నాయంతే.

2022 జూలైలో వరదొచ్చింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది, మా లంక మొత్తం మునిగింది. అరటి పడిపోయింది, జామ చెట్లు నిలబడ్డాయి కానీ ఆ ఏడు చలికాలం కాపు సగం కూడా లేదు. గట్టు మీద నిలబడి చూస్తే కొమ్మల చివర్లు మాత్రమే నీళ్ల మీద కనపడేవి, అత్తయ్యగారు పొద్దున్నే వెళ్లి ఎన్ని చెట్లు కనపడుతున్నాయో లెక్కపెట్టుకుని వచ్చేవారు. ఆ ఏడాది కాయ మెట్ట నుంచి కొన్నాం, తైవాన్ జామ తోటల నుంచి, కిలో 35 పడింది, రుచి తేడా, ఆ బ్యాచ్‌ల మీద "లంక జామ" అని వెయ్యలేదు, మామూలు లేబుల్ వేశాం. కొంతమంది షాపులవాళ్లు ఎవరికి తెలుస్తుందండీ వేసెయ్యండి అన్నారు. నేను వెయ్యలేదు.

ఆ తర్వాతే గుజ్జు నిలవ చేయడం మొదలుపెట్టాం. చలికాలంలో గుజ్జు తీసి, ఉడికించి, కవర్లలో డీప్ ఫ్రీజర్‌లో పెట్టి మార్చి నుంచి జూన్ దాకా వాడుకోవడం. 2023లో పీఎంఎఫ్ఎంఈ స్కీములో లోన్ తీసుకున్నా. కేంద్రం 2020లో తెచ్చిన స్కీము, చిన్న ఫుడ్ యూనిట్లకి ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ, మన వాటా కనీసం 10 శాతం. నా ప్రాజెక్టు 4 లక్షల 20 వేలు, గింజ తీసే పల్పర్, స్టీమ్ కెటిల్, ఫ్రీజర్, షెడ్డు పనులు. నా వాటా 42 వేలు, మిగతాది లోన్. సబ్సిడీ చేతికి రాదు, చాలామంది వస్తుందనుకుంటారు, అది బ్యాంకులో మన పేరు మీద ఉండి, మూడేళ్లు యూనిట్ నడిచి కంతులు సరిగ్గా కడితే అప్పులో సర్దుబాటు చేస్తారు. మొదట వెళ్లిన బ్యాంకులో "జామ్‌కి లోనేంటమ్మా" అని ఫైల్ కూడా తీసుకోలేదు. రెండో బ్యాంకుకి బ్యాచ్ పుస్తకం పట్టుకెళ్లా, రెండేళ్లుగా ఏ రోజు ఏ కాయ ఎంత, అంకె ఎంత, ఎన్ని సీసాలు, ఎవరికి వెళ్లాయి, ఎంత వచ్చింది అన్నీ అందులో ఉన్నాయి. ఆయన అరగంట తిరగేసి ఇది చాలు అన్నారు.

పోయినేడు చేసింది 120 బ్యాచ్‌లు, 6,720 సీసాలు. సీసాకి 20 చొప్పున లక్షా ముప్పై నాలుగు వేలు. లోన్ కంతులు ఏడాదికి 97 వేలు దాకా పోతాయి. మిగిలింది 37 వేలు, నా కూలి 48 వేలు, రెండూ కలిపి 85 వేలు ఇంటికి వచ్చింది. ఇద్దరు ఆడవాళ్లకి ఎనిమిది నెలలు పని దొరికింది, మా జామకాయకి కిలో 20 నిలబడింది, పక్క తోట బాబాయ్‌గారి కాయ కూడా మేమే తీసుకుంటున్నాం, "ఆయ్, ఈసారి నేలపాలు చెయ్యలేదమ్మా కాయని" అని ఆయన కనిపించినప్పుడల్లా అంటారు. ఇప్పుడు చేసేవి రెండే రకాలు, ఎర్రజామ, తెల్లజామ.

ఇంకా తేలని సమస్య జూలై నుంచి అక్టోబర్. వానాకాలం కాయతో నేను చెయ్యను, ఆ నాలుగు నెలలు పొయ్యి ఆరిపోతుంది, ఆ ఇద్దరికీ పనుండదు, అందులో ఒకావిడకి ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు, ఆ నెలల్లో ఆవిడ నాట్లకీ కలుపుకీ వెళ్తుంది, వానలో నడుం నొప్పి అంటుంది. అందుకని ఈ మధ్య దబ్బకాయతో ప్రయత్నం చేస్తున్నా. దబ్బ తొక్క లోపలి తెల్లదాంట్లో పెక్టిన్ బాగా ఉంటుంది, పులుపు దానిదే, నిమ్మ ఉప్పు అక్కర్లేదు. చేదే సమస్య. తొక్కని సన్నగా తరిగి రెండుసార్లు నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే చేదు చాలావరకు పోతోంది, మూడుసార్లు చేస్తే వాసనే పోతోంది. రెండుసార్లు ఉడికించినవి ఆరు సీసాలు, 68 దగ్గర ఆపినవి, తేదీ రాసి అలమరలో పైఅరలో పెట్టాం. వచ్చే నెల 10కి మూడు నెలలవుతుంది, ఆ రోజు మొదటి సీసా మూత తియ్యాలి.